లప్పం పెట్టిన పన్ను

వంతెన పని దగ్గర, మూడో షెడ్డు

వదినా,

మీరు పళ్ళ డాక్టరు కదా అని అడుగుతున్నాను, అంతకంటే ఏం లేదు. మా షెడ్డులో ఒకడికి పన్ను నొప్పి. కింది దవడ, ఎడమ వైపు, చివరి నుంచి రెండోది. మనిషి కుదురుగా కూర్చోడు, పడుకోడు, తినడు, పక్కవాళ్ళని తిననివ్వడు. ఏం చేస్తే తగ్గుతుందో రెండు ముక్కలు రాస్తే వాడికి చదివి వినిపిస్తాను. ఫోను చేద్దామంటే అది ఇంజినీరు గారి గదిలో ఉంది. అక్కడ పన్ను అంటే చాలు, సాయంత్రానికి ఏటికి ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ తెలిసిపోతుంది. సరుకుల లారీ వారానికోసారి వస్తుంది. ఉత్తరాలు అందులోనే.

పని జోరుగా సాగుతోంది. స్తంభాలన్నీ లేచాయి, దూలాలు ఒక్కొక్కటే వాటి మీదికి ఎక్కుతున్నాయి. నేను ఎప్పటిలాగే ఎత్తు మీద నిలబడి ఈల ఊదుతున్నాను. క్రేను నడిపేవాడికి కింద ఏముందో కనబడదు, నా ఈల విని కదుపుతాడు. తెంపి తెంపి ఊదితే దించుతాడు, గుక్కపట్టి ఊదితే ఆపుతాడు. దూలం కింద స్తంభం తల మీద బోల్టులు బిగించేవాళ్ళు ఉంటారు. వాళ్ళు పైకి చూడరు, నా ఈల మీద నమ్మకంతో పని చేసుకుంటూ ఉంటారు.

లారీ వాడు తొందర పెడుతున్నాడు. అన్నయ్యకి ఈ సంగతి చెప్పకండి, ఊరికే కంగారు పడతాడు.

మీ మరిది


క్లినిక్, వెనక గది

మరిదిగారికి,

మీ షెడ్డులో ఎవడికో పన్ను నొప్పి వస్తే మీ అన్నయ్య ఎందుకయ్యా కంగారు పడటం? ఆయన బస్సు నడుపుకుంటూ ఊరంతా తిరుగుతున్నాడు, ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ చూసి కంగారు పడుతున్నాడా ఏమిటి? సరే, పోనీ. ఆ ఒకడిని నేను అడిగానని ఇవి అడుగు.

చన్నీళ్ళు తగిలితే జివ్వుమని వెంటనే పోతోందా, చాలాసేపు ఉండిపోతోందా? వేడిది తాగితే పెరుగుతోందా? పడుకుంటే పోటు ఎక్కువై, లేచి కూర్చుంటే కాస్త నయంగా ఉంటోందా? ఆ పన్ను మీద కొరికితే ఎలా ఉంది? తీపి ఎక్కువ తింటాడా? ఏం తింటాడు, ఎప్పుడు తింటాడు?

ఈలోగా గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించమను. లవంగ నూనె దూదికి అంటించి ఆ పన్ను మీద మాత్రమే పెట్టుకోమను, చిగురుకి తగిలితే మండుతుంది. ఇవి నొప్పిని కాసేపు కూర్చోబెడతాయి, అంతే. రోగం అక్కడే ఉంటుంది. బయట పేషెంట్లు కూర్చున్నారు, ఒకావిడ అప్పుడే రెండుసార్లు తలుపు తట్టింది. వెంటనే జవాబు రాయి.

మీ వదిన


మూడో షెడ్డు

వదినా,

అడిగాను. చన్నీళ్ళు తగిలితే జివ్వుమని పోయేది, అది పాత సంగతి. ఇప్పుడు వేడి టీ గుక్క పడితే చాలు, దవడలోంచి చెవిలోకి, చెవిలోంచి కణతలోకి పాకి, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా అలాగే కొట్టుకుంటుందట. పడుకుంటే ఇంకా ఎక్కువ. అందుకని గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. కొరికితే కళ్ళల్లో నీళ్ళు.

తీపి సంగతి చెప్తే నవ్వుతారు. ఇక్కడ సిమెంటు దుమ్ముకి నోరు ఎండిపోతుంది. అందుకని అందరం బుగ్గన ఒక చప్పరించే బిళ్ళ పెట్టుకుని పని చేస్తాం. ఒకటి కరిగితే ఇంకొకటి. చేతులు ఖాళీ ఉండవు కనుక నీళ్ళు తాగేది తక్కువ. మా వాడు నోట్లో కుడి పక్కకి ఈల పట్టుకుంటాడు కాబట్టి బిళ్ళ ఎప్పుడూ ఎడమ బుగ్గలోనే.

నొప్పి మాత్ర మింగితే పనిచేయడం లేదని, దాన్నే పొడి చేసి చిగురు మీద పెట్టుకున్నాడు. అక్కడ తెల్లగా పొక్కింది. ఇక్కడి కాంపౌండరు ఇంకో రకం మాత్రలిచ్చాడు. వాటికి నొప్పి తగ్గుతుంది కానీ రెప్పలు బరువెక్కిపోతాయి.

వాడికి ఇంకేమైనా చెప్పాలా?

మరిది


క్లినిక్

ఒరేయ్,

మీ షెడ్డులో నోట్లో ఈల పట్టుకునేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు నా మరిది. నాటకం చాలు.

నీకు అర్థమయ్యేట్టు చెప్తాను. ఆ బిళ్ళ బుగ్గలో ఊరుతున్నంతసేపూ నోట్లో ఉండే క్రిములకి విందు. అవి తీపి తిని పులుపు ఊరుస్తాయి, ఆ పులుపు పన్ను పైపెచ్చుని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. అన్నంతో పాటు కాస్త తీపి తిని నోరు కడుక్కుంటే, లాలాజలం ఆ నష్టాన్ని సరిచేసుకుంటుంది. నువ్వు దానికి ఊపిరాడనివ్వలేదు, పొద్దంతా నానబెట్టావు. చన్నీళ్ళకి జివ్వుమన్న రోజున వచ్చి ఉంటే చిన్న కన్నం, చిన్న పని, ఇంటికెళ్ళి భోజనం. ఇప్పుడు వేడికి పోటెత్తి ఆగడం లేదంటే లోపల నరం వాచిపోయింది. పడుకుంటే తలకి నెత్తురు పోటెత్తుతుంది, వాచిన నరానికి చోటు చాలక కొట్టుకుంటుంది. దానికి లవంగ నూనె చాలదు. పన్ను తెరిచి శుభ్రం చేయాలి, లేదా తీసేయాలి.

మాత్ర చిగురు మీద పెట్టుకోవడం ఏమిటి, ఎవడు నేర్పాడు నీకా తెలివి? అది కాలుతుంది, నయం చేయదు. అంతకంటే నన్ను నిలవనీయనిది ఆ రెండో రకం మాత్ర. రెప్పలు బరువెక్కిన మనిషి ఎత్తు మీద నిలబడి ఈల ఊదుతున్నాడు, కింద మనుషులు తలలు పైకెత్తకుండా బోల్టులు బిగిస్తున్నారు. ఆ మాట రాస్తున్నప్పుడు నీ చెయ్యి ఆగలేదా?

వచ్చే లారీ ఎక్కి రా. మీ అన్నయ్యకి చెప్పలేదు. చెప్పేదాకా తెచ్చుకోకు.

వదిన


మూడో షెడ్డు

వదినా, శుభవార్త!

తగ్గిపోయింది. మాటవరసకి కాదు, నిజంగా. మీ ఉత్తరం చేరేసరికే సగం తగ్గింది, ఇప్పుడు వేడి టీ తాగినా ఏం లేదు. నిన్న వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయాను.

ఎలా అంటారా? దూలాల కీళ్ళ సందుల్లో నీళ్ళు దిగకుండా ఒక లప్పం పెడతాం. ఆరిందంటే రాయి. లప్పం మేస్త్రీ నా నోట్లోకి టార్చి కొట్టి చూసి, "ఇంత కన్నం పెట్టుకుని మూలుగుతావేంట్రా, పూడ్చి పారేస్తే పోలా?" అన్నాడు. కన్నం కనబడితే పూడ్చడమే మాకు తెలిసిన విద్య. దూది పెట్టి తుడిచి, లప్పం ఉండ చేసి, బొటనవేలితో నొక్కేశాడు. ఆ రోజు ప్రాణం పోయినంత పనైంది, మీకు అబద్ధం చెప్పను. ఆ మర్నాటి నుంచి మెల్లగా తగ్గుతూ తగ్గుతూ ఒక పూట టక్కున ఆగిపోయింది. మేస్త్రీ ఇప్పుడు షెడ్డులో డాక్టరు గారైపోయాడు, ఇంకో ఇద్దరు నోళ్ళు తెరుచుకుని వరసలో ఉన్నారు.

కాబట్టి ఇప్పుడు రాను. వచ్చినా ఈ నెల కుదరదు. చిన్నవి ఒకటి రెండు పోతే ఆఖరి దూలం ఒకటే మిగిలింది, అన్నిటికంటే పెద్దది. నేను రెండు రోజులు లేకపోతే ఈల ఎవడు పడతాడో తెలుసా? గొణుగుడు బాబాయి. బోల్టుల ముఠాకి పెద్ద. ఆయన మాట్లాడితే మీసాలకి తప్ప ఎవరికీ వినబడదు. భోజనానికి రమ్మన్నాడో, పొమ్మన్నాడో తెలియక జనం నిలబడిపోతారు. ఆయన ఈల కింద నా వాళ్ళని నిలబెట్టి నేను మీ కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చోనా? నా వల్ల కాదు.

మరిది


క్లినిక్ గుమ్మం దగ్గర, నిలబడే రాస్తున్నాను

ఆ మేస్త్రీ చెయ్యి విరగ! ముందు ఆ ఇద్దరినీ వరసలోంచి లేపు.

నొప్పి తగ్గడం కాదురా అది. నరం చచ్చిపోయింది. చచ్చిన నరం నొప్పి చెప్పదు. లోపల కుళ్ళు అలాగే ఉంది, చీము పడుతుంది. అది బయటికి పోవడానికి ఉన్న ఒక్క దారినీ లప్పం పెట్టి మూసేశారు. ఇక అది దవడలోకి దారి చేసుకుంటుంది, అక్కడి నుంచి మెడలోకి దిగుతుంది.

ఇవి గోడకి అంటించుకో. దవడ కింద వాపు. నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం. మింగడం కష్టం కావడం. జ్వరం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఉత్తరం రాయకు, లారీ కోసం చూడకు. ఇంజినీరు గారి జీపు ఎక్కి పెద్దాసుపత్రికి వెళ్ళు. వాపు మీద వేడి కాపడం పెట్టకు. ఏ కంతినీ నువ్వే పొడిచి చిదమకు.

రెండు రోజులుగా పేషెంటు నోట్లో అద్దం పెడితే నీ దవడే కనబడుతోంది. మీ అన్నయ్య "ఏమైంది నీకు, ఇల్లంతా తిరుగుతున్నావు" అన్నాడు. ఏం లేదన్నాను. నీ మూలంగా ఆయనకి అబద్ధం చెప్పాను.

వదిన


మూడో షెడ్డు

వదినా,

మీ ఉత్తరం ఇంకా రాలేదు. లారీ రేపు. కానీ ఆగలేక రాస్తున్నాను. కాంక్రీటు తెచ్చే వ్యాను ఇవాళ తిరిగి వెళ్తోంది, ఆ డ్రైవరుకి ఇస్తాను.

మొన్నటి నుంచి ఎడమ దవడ కింద గట్టిగా వాచింది. చలి చలిగా ఉంది. నోట్లో చెంచా పట్టడం లేదు. ఎవరికీ చెప్పలేదు, మెడకి మఫ్లరు చుట్టుకున్నాను.

ఇవాళ పొద్దున చిన్న దూలం ఒకటి దించుతున్నాం. స్తంభం మీద బాబాయీ, ఇంకో ముగ్గురూ. దూలం కొస పక్కకి కొట్టుకొస్తోంది. ఆపాలి. ఈల ఊదాను. రాలేదు. పెదవులు ఈల మీద మూసుకోలేదు, గాలంతా పక్కనుంచి పోయింది. మళ్ళీ ఊదాను. బుస్సుమంది. అరుద్దామంటే నోరు తెరుచుకోలేదు. దూలం దిగుతోంది వదినా. నేను చేతులు ఊపుతున్నాను, చూసేవాడు లేడు.

బాబాయే తల ఎత్తాడు. ఎందుకెత్తాడో తెలియదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని గుక్కపట్టి ఈల వేశాడు. క్రేను ఆగింది. దూలం కొస పనిముట్ల పెట్టె మీద ఆగింది, పెట్టె రేకు ముక్క అయిపోయింది. దాని పక్కనే ఆయన కాలు.

ఎవరికీ ఏం కాలేదు. దుమ్ము వల్ల ఈల మూసుకుపోయిందని చెప్పాను. నమ్మారు. అది ఇంకా దారుణంగా ఉంది.

ఉమ్మి మింగడం కష్టంగా ఉంది. ఏం చేయమంటారు?


ఇంటి నుంచి

బయల్దేరుతున్నాను. ఈ చీటీ నీ వ్యాను డ్రైవరుకే ఇస్తున్నాను. వాడు దారిలో ఎక్కడా ఆగకపోతే నాకంటే ముందు చేరుతుంది. చేరితే అక్కడే కూర్చో, పడుకోకు, ఇంజినీరు గారికి ఇది చూపించి జీపు సిద్ధం చేయించు. మఫ్లరు తీసెయ్.

మీ అన్నయ్యకి అంతా చెప్పేశాను. బస్సు డిపోకి సెలవు చెప్పి నా సంచీ మోసుకొస్తున్నాడు.


మూడో షెడ్డు

డాక్టరమ్మ గారికి,

వదినా అని రాయబుద్ధి కావడం లేదు.

మీరు వచ్చారు. క్యాంటీను బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, నా పళ్ళ మధ్య పట్టినంత సందులోంచే ఆ లప్పం తవ్వి తీశారు. చీము కారగానే నాకు మళ్ళీ ఊపిరి అందింది. జీపులో దారి పొడుగునా నా మెడ మీంచి చెయ్యి తీయలేదు. ఆసుపత్రిలో సెలైను సీసాలు మారుస్తుంటే అన్నయ్య కుర్చీలో, మీరు గుమ్మంలో. నేను బతికి ఉన్నానంటే మీ వల్ల. అది ఎక్కడైనా చెప్తాను.

కానీ తిరిగొచ్చిన రోజున ఇంజినీరు గారు నన్ను పిలిచి మీ కాగితం చదివి వినిపించారు. ఇతని దవడ పట్టేసి ఉంది, వైద్యం పూర్తయ్యేదాకా ఈల పట్టకూడదు అని. కింద మీ సంతకం. ఆసుపత్రిలో అన్ని రోజులు నా పక్కనే ఉన్నారు. గంజి తాగించారు, జోకులు చెప్పారు. ఈ ఒక్క ముక్క నాతో అనలేదు. నా వెనకాల నా నోటి దగ్గర కూడు తీసేశారు.

ఆఖరి దూలం వచ్చే వారం. ఈల గొణుగుడు బాబాయికి ఇచ్చారు. నేను ఏం చేయాలి, ఒడ్డున కూర్చుని చేపలు పట్టుకోనా?

మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. మాత్రలు వేళకి వేసుకుంటున్నాను, మెత్తటి కుంచెతో తోముతున్నాను, నోటి కసరత్తు చేస్తున్నాను. బిళ్ళల డబ్బా ఏట్లో పారేశాను. నాకు కోపం ఉన్నది వైద్యం మీద కాదు.


క్లినిక్, వెనక గది

మరిదీ,

కోపంగా ఉండు. నాకూ ఉంది.

నీతో ఎందుకు చెప్పలేదంటావా? చెప్తే బతిమాలేవాడివి. నీ మొహం చూస్తే నేను కరిగిపోతానని నాకు తెలుసు, అందుకే నువ్వు నిద్రపోతున్నప్పుడు రాసి మీ అన్నయ్యతో పంపించాను. అలా చేసినందుకు సిగ్గుపడుతున్నాను. రాసినందుకు మాత్రం కాదు. మళ్ళీ రాయమన్నా రాస్తాను.

క్యాంటీనులో నీకు చెప్పని ఇంకో సంగతి ఉంది, అది కూడా విను. నీ నాలుక కింద భాగం వాచి పైకి లేచి ఉంది. ఇంకో పూట ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా గాలి వెళ్ళే దారి ఉండేది కాదు. "ఏం లేదు, ఏం లేదు" అంటూనే పని చేశాను. నీ పక్కన వినబడకూడదని గోడ వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఇన్నేళ్ళలో పేషెంటు కోసం ఏడవడం అదే మొదలు. ఒక పన్ను కోసం మనిషిని పోగొట్టుకోబోయాం. మనిషిని కూడా కాదు, మనుషుల్ని.

వాపు తగ్గింది కానీ దవడ ఇంకా పట్టేసే ఉంది. నోట్లో నీ రెండు వేళ్ళు నిలువుగా పట్టేదాకా ఈల గట్టిగా రాదు. వచ్చినట్టే వచ్చి, కావలసిన క్షణంలో బుస్సుమంటుంది. నీ వాళ్ళ మీద నీకంత ప్రేమ ఉంటే వాళ్ళకి నిజం చెప్పు. దుమ్ము కాదని చెప్పు. ఈల ఎవరి నోట్లో ఉండాలో ఆ తర్వాత వాళ్ళే చెప్తారు.

పన్ను ఇంకా తాత్కాలికంగానే మూసి ఉంది. రెండుసార్లు రావాలి. రాకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది.

కోపం తగ్గాక వదినా అని రాయి. తగ్గకపోయినా రాయి.

వదిన


వంతెన మీద, కొత్త దూలం పక్కన కూర్చుని

వదినా,

చెప్పాను. భోజనాల వేళ అందరూ ఉండగా లేచి నిలబడి, ఆ రోజు దుమ్ము కాదు, నా దవడ అని చెప్పాను. మత్తు మాత్రలు వేసుకుని ఎత్తెక్కిన రోజులు కూడా ఉన్నాయని చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒకతను తింటున్న కంచం పట్టుకుని లేచి వేరే బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు బాబాయితో పాటు స్తంభం మీద ఉన్న ముగ్గురిలో ఆయనొకడు. లప్పం మేస్త్రీ చేతులు తుడుచుకుని, తను వైద్యం చేసిన ఇద్దరినీ తనే లారీ ఎక్కించి మీ దగ్గరికి పంపుతానన్నాడు. వస్తే కాస్త మెల్లగా తిట్టండి, భయపడి ఉన్నారు.

బాబాయి మాత్రం నా దగ్గరికి వచ్చి ఏదో గొణిగాడు. "ఏంటి బాబాయీ?" అన్నాను. మళ్ళీ గొణిగాడు. మూడోసారికి అర్థమైంది. "నేను పైకి పోతే కింద నా చోటు ఖాళీ. నువ్వు నిలబడతావా?" అంటున్నాడు.

ఇవాళ దూలం ఎత్తారు. బాబాయి ఎత్తు మీద, నా ఈల ఆయన నోట్లో. నేను స్తంభం తల మీద, బోల్టు చేతిలో. ఇన్నాళ్ళూ పైనుంచి చూస్తే వీళ్ళు టోపీలే, వదినా. కింద నిలబడితే ఆకాశం మొత్తం ఇనుమే. అది మెల్లగా మీదికి వస్తోంది. తల ఎత్తి చూడబోతే పక్కవాడు మోచేత్తో పొడిచి, "పైకి చూడకు, ఈల విను, బోల్టు చూసుకో" అన్నాడు. ఎవడనుకున్నారు? కంచం పట్టుకుని లేచిపోయినవాడే.

చూడలేదు. విన్నాను. మాట్లాడితే ఒక్క ముక్క తెలియని మనిషి, ఈల పడితే ప్రతి ముక్కా తెలుస్తోంది. దించు, దించు, మెల్లగా, ఆపు. దూలం నా వేళ్ళకి జానెడు దూరంలో ఆగింది. బోల్టు గుచ్చాను. మళ్ళీ దించమన్నాడు. కూర్చుంది.

అందరూ కేకలు పెడుతుంటే నేను కూలబడి ఏడ్చాను. ఆయన ఈల ఎలా ఉందో తెలిసి నేను ఆయన కింద నిలబడ్డాను. నా ఈల ఎలా ఉందో తెలియకుండా వాళ్ళు నా కింద నిలబడ్డారు. మీరు సంతకం పెట్టకపోతే ఇవాళ కూడా నిలబడేవాళ్ళు.

పని అయ్యాక బాబాయి ఈల నీళ్ళతో కడిగి, చొక్కాకి తుడిచి నా చేతిలో పెట్టబోయాడు. నేను పుచ్చుకోలేదు. నోరు తెరిచి వేళ్ళు పెట్టి చూపించాను, ఒకటిన్నరే పట్టింది. "అయితే నా దగ్గరే ఉండనీ" అన్నాడు. అది మాత్రం స్పష్టంగా వినబడింది.

ఈ లారీకి ఉత్తరం, వచ్చే లారీకి నేను.

మీ మరిది